కుందేలు నుంచి నూరు గజాలు

హరిత స్వర్ణ ఎన్‌క్లేవ్‌లో కుందేళ్ల మీద ప్రేమ ఒక మంగళవారం పొద్దున, టిఫిన్లు అయ్యాక పుట్టింది. సోమవారం దాకా ఆ కాలనీలో ఎవరికీ కుందేలుతో పనిలేదు. పిల్లల గుణింతాల పుస్తకంలో బొమ్మగా ఉండేది. దాని పాటికి అది అక్కడే ఉండేది.

సోమవారం వచ్చిన కబురు వేరు. ఊళ్లో చెత్తనంతా తెచ్చి కాలనీ పక్కనున్న గడ్డిబీడులో పోయాలని మున్సిపాలిటీ వాళ్లు తీర్మానించారట. ఆ బీడు గురించి కాలనీవాళ్లకు అప్పటిదాకా ఉన్న అభిప్రాయం ఒకటే, ముళ్లూ పాములూ తప్ప ఏమీ లేని దండగ నేల అని. వెంచర్ వేసినాయన బ్రోచర్‌లో దాన్ని 'ప్రకృతి ఒడి' అని అచ్చు వేయించాడు కానీ, ఇళ్లు కట్టుకున్నవాళ్లలో ఒక్కరూ కిటికీ అటువైపు పెట్టుకోలేదు. చెత్త వస్తుందనగానే అందరికీ ఒక్కసారిగా ప్రకృతి గుర్తొచ్చింది. ప్లాట్ల రేట్లు కూడా గుర్తొచ్చాయి. ఏది ముందు గుర్తొచ్చిందో అడగడం మర్యాద కాదు.

మంగళవారం పేపర్లో, జిల్లా పేజీ అడుగున చిన్న వార్త పడింది. ఎక్కడినుంచో వచ్చిన పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి ఆ బీడులో పసిడిచెవి కుందేలు ఉందని తేల్చిందట. చెవుల అంచున బంగారు రంగు గీత ఉంటుందట. మొలెత్తు గడ్డి ఉన్న బీళ్లలో తప్ప బతకదట. అలాంటి బీళ్లు ఇక పెద్దగా మిగల్లేదట.

ఆ వార్తను కాలనీలో అందరికంటే ముందు చదివినవాడు వరదరాజులు. ఆయన కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. సర్వీసంతా ఆయన చూసిన జంతువులు ఫార్మలిన్ సీసాల్లోనే ఉండేవి కాబట్టి, జంతువులంటే కదలకుండా, లేబుల్‌తో సహా ఉంటాయని ఆయనకొక నమ్మకం. కప్ప గుండెలో గదులెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కప్ప ఇంట్లోకి వస్తే మాత్రం భార్యను పిలుస్తాడు.

"అలివేలూ, మన పంట పండింది. కుందేలు దొరికినాది," అన్నాడు పేపర్ మడుస్తూ.

అలివేలు పప్పులో తాలింపు వేస్తూ, దొరికితే దొరికిందిలే, ఇంటి ఓనరు మన పై పోర్షన్‌లో నీళ్లు ఎక్కువ వాడుతున్నామని మళ్లీ అన్నాడు, ఆ సంగతి చూడమంది. ఆమె పెళ్లయినప్పటి నుంచి అద్దె పోర్షన్లలోనే కాపురం చేసింది. ఆయనకు బదిలీ అయినప్పుడల్లా ఒక ఇల్లు మారింది. బదిలీ కానప్పుడు ఓనరు ఖాళీ చేయమంటే మారింది. వాళ్లకు ఆ కాలనీలోనే, చివరి వరసలో, బీడును ఆనుకుని సొంత ప్లాటుంది. ఇల్లు మాత్రం లేదు. ఒక ఏడు మూఢం వచ్చింది, ఒక ఏడు ఇసుక దొరకలేదు, ఒక ఏడు ప్లాన్ గీస్తున్న వాస్తు సిద్ధాంతే కాలం చేశాడు. ఈలోగా ప్లాటులో గడ్డి మొలెత్తు పెరిగింది. ఖాళీ ప్లాట్లలో పిచ్చిమొక్కలు పీకించని యజమానులకు నోటీసులివ్వడం సంఘం కార్యదర్శి పని. వరదరాజులు నియమాలకు కట్టుబడే మనిషి కాబట్టి, ఏటా తనకు తానే నోటీసు రాసి, తానే సంతకం పెట్టి, తానే అందుకుని, తానే జవాబివ్వకుండా ఊరుకునేవాడు.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షుడు ఓబుళపతి విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ సమస్య చెప్పినా స్తంభం ఎక్కడ వేయాలా అని ఆలోచిస్తాడు. కుందేలు మన ఊరి గౌరవమని, మన పూర్వీకుల ఆస్తి అని ఆయన ఉపన్యసించాడు. మన పూర్వీకులు దాన్ని కూర వండుకునేవాళ్లని ఎవరో వెనక నుంచి అన్నారు గానీ, ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఆదివారం నాటికి అట్ట చెవులు పెట్టుకుని ఆడా మగా ప్రదర్శన చేశారు. షుగరున్నవాళ్లు ఎటూ నడవాలి కాబట్టి రెండుసార్లు చేశారు. పై అధికారులు దిగొచ్చారు. చెత్త పక్క మండలంలో ఒక పల్లె దగ్గరికి పోయింది. ఆ పల్లెలో పాపం మనుషులు తప్ప అరుదైన జాతి ఏదీ లేదు.

పరిశోధక విద్యార్థినికి శాలువా కప్పారు. మాట్లాడమంటే ఆ అమ్మాయి ఒకటే కోరింది. గడ్డి జోలికి పోవద్దు, గొర్రెల్ని ఎప్పటిలా రానివ్వండి, మీరు మాత్రం రాకండి అంది. సభ చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి బస్సెక్కగానే కమిటీ వేశారు.

బీడును కుందేలు వనంగా ప్రకటించి, సంరక్షణ బాధ్యత సంఘానికే ఇచ్చారు. నియమావళి రాసే పని వరదరాజులు మీద పడింది. ఆయన దానికి రాత్రింబవళ్లు కష్టపడ్డాడు. కష్టానికి కారణముంది. బీడుకు అవతలి మూల ఎవరో ఫంక్షన్ హాలు కట్టబోతున్నారు. రేపు తాను ఇల్లు కట్టుకుంటే పెళ్లిళ్ల బ్యాండు నేరుగా పడగ్గదిలోకి వస్తుంది. అందుకని, కుందేలు ప్రశాంతత దృష్ట్యా వనం గోడ నుంచి నూరు గజాల లోపు ఏ కట్టడమూ కట్టరాదు, గడ్డిపరక కూడా కదిలించరాదు అని రాశాడు. రాశాక లెక్క తెలిసొచ్చింది. వనం చుట్టూ కట్టబోయే గోడ నుంచి నూరు గజాలంటే అందులో తన ప్లాటూ వస్తుంది. రాత్రంతా మథనపడి, తెల్లారేసరికి 'గోడ నుంచి' అన్న మాట కొట్టేసి, 'కుందేలు నివసించు చోటు నుంచి' అని దిద్దాడు. కుందేలు అప్పట్లో అవతలి మూలనే, హాలు వైపే ఉండేది.

నియమావళి ఏకగ్రీవంగా నెగ్గింది. ఫంక్షన్ హాలు ఆగిపోయింది. ఇంత శాస్త్రీయమైన రూలు ఇంకెక్కడా లేదని ఓబుళపతి మెచ్చుకుంటే, వరదరాజులు తలొంచుకుని, శాస్త్రం కదా సార్, ప్రాణిని బట్టి పోవాల గాని గోడను బట్టి ఎట్ల పోతాది, అన్నాడు.

ఆ తర్వాత సంరక్షణ మొదలైంది.

ముందు ప్రహరీ కట్టారు. గొర్రెలు రాకుండా గేటు పెట్టి, కుందేలును చూడ్డానికి వచ్చే కుటుంబాల కోసం గడ్డికి ఎదురుగా సిమెంటు బెంచీలు వేశారు. కుటుంబాలు వచ్చాయి, కూర్చున్నాయి, మిరపకాయ బజ్జీలు తిని వెళ్లాయి. కుందేలు కనపడలేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. కమిటీ స్వయంగా వెళ్లి పరిశీలించింది. లోపం ఎక్కడుందో తేలింది. గడ్డి అడ్డమొస్తోంది.

"గడ్డి ఇంత పెంచి పెట్టుకుంటే కుందేలు ఏమి కనపడతాది సార్? మనకు కనపడనిదాన్ని మనం ఎట్ల కాపాడేది?" అని ఓబుళపతి వరదరాజులును నిలదీశాడు.

గడ్డిపరక కదిలించరాదని రూలుందని వరదరాజులు గొణిగాడు. ఆ రూలు బయటివాళ్లకు గాని సంరక్షకులకు కాదని ఓబుళపతి వివరించాడు. నిజమే కదా అనిపించింది వరదరాజులుకు. ఎందుకనిపించిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆయనకు తోచలేదు. అధ్యక్షుడు తేనీరు ఇప్పించి మాట్లాడితే ఆయనకు అన్నీ నిజమే అనిపిస్తాయి.

గడ్డి కోయించారు. నేల బోడిగా కనపడుతోందని బయటి నుంచి చదునుగా కత్తిరించిన పచ్చిక తెప్పించి చాపల్లా పరిచారు. నీడ లేదని కానుగ మొక్కలు నాటారు. దారి తప్పకుండా నడక బాట వేసి, బాట పక్కన రంగురాళ్లు పెట్టి, రాత్రిపూట కుందేలుకు భయం వేయకుండా నలుమూలలా ఫ్లడ్‌లైట్లు బిగించారు. ఆ లైట్ల దగ్గర ఓబుళపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. స్పీకర్లలో పొద్దునా సాయంత్రం వీణ వాయింపు వేశారు. అన్నిటికంటే చివర, గేటు దగ్గర రెండాళ్లెత్తు సిమెంటు కుందేలు నిలబెట్టారు. చేతిలో క్యారెట్టు, ముఖాన చిరునవ్వు. దాన్ని ప్రారంభించిన రోజు వరదరాజులు 'ప్రకృతికి మనమేమిచ్చాం' అని మాట్లాడాడు. పట్టిక చాలా పెద్దదే అయింది.

ఇన్ని చేసినా అసలు కుందేలు కనపడలేదు. గడ్డి ఉన్నప్పుడు ఉందేమోనన్న ఆశైనా ఉండేది. ఇప్పుడు వనం అంతా అరచేయిలా కనపడుతూ, అందులో కుందేలు లేదని కూడా స్పష్టంగా కనపడుతోంది.

ఆ వారమే వరదరాజులు ఇంట్లో శంకుస్థాపన ముహూర్తం ఖాయమైంది. కొత్త సిద్ధాంతి వయసులో చిన్నవాడు, ఆరోగ్యవంతుడు, అన్నీ చూసి పెట్టుకున్నారు. అలివేలు వంటిల్లు ఎక్కడో, తులసికోట ఎక్కడో, బట్టలారేసే దండెం ఏ గోడ నుంచి ఏ గోడకో మనసులో కట్టేసుకుంది. ముఖ్యంగా మేకు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలంటే ఓనరునడగాలి. సొంతింట్లో ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ మేకులు కొడతానని ఆమె చాలాసార్లు అంది. ఏం తగిలిస్తావని ఆయనడిగితే, తగిలించడానికి కాదు, ఊరికే కొడతానంది.

కొలతలు వేయించడానికి ముందు ఒకసారి చూసి వద్దామని వరదరాజులు ప్లాటుకు వెళ్లాడు. మొలెత్తు గడ్డిలో చేతికర్రతో దారి చేసుకుంటూ నడుస్తుంటే, కాలి ముందు నుంచి ఒకటి ఎగిరి, నాలుగు గంతులేసి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. నిలువు చెవులు. ఎండ పడుతుంటే అంచున బంగారు గీత.

ఆయన జీవితంలో ఫార్మలిన్ లేకుండా చూసిన మొదటి అరుదైన జంతువు అది. ఎంత బాగుంది అనుకున్నాడు. మరుక్షణం, నూరు గజాలు అనుకున్నాడు.

లెక్కలు అక్కర్లేదు. కాలనీ మొత్తానికి, చుట్టుపక్కల బీళ్లన్నిటికీ కలిపి గడ్డి మిగిలింది ఆయన ప్లాటులోనే. నోటీసుకు జవాబివ్వని ఒకే ఒక్క యజమాని ఆయనే. అద్దె లేకుండా దిగింది కాబట్టి కుందేలును ఖాళీ చేయమనవచ్చు. కానీ అది నివసించే చోటు నుంచి నూరు గజాల్లోపు గడ్డిపరక కదిలించరాదని రూలు. దిద్దిన చెయ్యి తనదే.

ఇంటికొచ్చి అలివేలుకు చెప్పాడు. రూలు రాసేటప్పుడు నన్నొక మాట అడిగి ఉంటే గోడ నుంచి అనే రాయమందును కదా, అంది. అంటే అప్పుడూ మన ప్లాటు పోయేదని ఆయన గుర్తుచేశాడు.

"పోతే గోడ వల్ల పోయిందనుకుంటాం. ఇప్పుడు మీ తెలివి వల్ల పోతాది," అంది అలివేలు.

ఎవరికీ తెలియకముందే దాన్ని మర్యాదగా వనంలోకి పంపేద్దామని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. మర్నాడు పొద్దున వాకింగుకు వెళ్తున్నట్టు ఆయన ఒక దుప్పటి, ఆమె ఒక స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని బయల్దేరారు. ఎదురొచ్చినవాళ్లు ఎక్కడికని అడిగితే వరదరాజులు యోగా అన్నాడు. ప్లాటులో ఆయన ఒక వైపు దుప్పటి చాపి నిలబడ్డాడు. ఆమె రెండో వైపు నుంచి పళ్లెం వాయిస్తూ గడ్డిలోకి నడిచింది. కుందేలు లేచింది, రెండు గంతులు వేసింది, వెళ్లకుండా మళ్లీ ఆ చోటికే వచ్చింది. అలివేలు ఇంకో అడుగు వేసింది. పళ్లెం చప్పుడు ఆగిపోయింది.

గడ్డి నొక్కుకుపోయిన గుంటలో రెండు పిల్లలున్నాయి. గుప్పెడంత ఉన్నాయి. కదలకుండా, కళ్లింతలు చేసుకుని ఆమెనే చూస్తున్నాయి.

"పుట్టి ఎన్నో నాళ్లు కాలేదు. అప్పుడే కళ్లు తెరిచినాయి చూడండి."

"అవి కళ్లు తెరిచే పుడతాయి," అన్నాడు వరదరాజులు. "రెండు మార్కుల ప్రశ్న."

అలివేలు గరిటె కొంగులో చుట్టుకుంది. పిల్లలు పెద్దవై వాటంతటవి పోయేదాకా ఆగుదాం, ముహూర్తం ఇంకోటి పెట్టించుకోవచ్చు, ఈసారి సిద్ధాంతికి పోయే వయసు కూడా కాదు కదా, అంది. ఆయన దుప్పటి మడిచాడు. వెనక్కి వస్తూ ఎదురైనవాళ్లకు యోగా అయిపోయిందని చెప్పాడు.

అంతలో జిల్లా నుంచి కబురొచ్చింది. కుందేలు వనాన్ని ఆదర్శ వనంగా ప్రకటించే విషయమై ప్రత్యేకాధికారి తారకనాథ్ గారు తనిఖీకి వస్తున్నారు. సదరు జాతి సజీవంగా, దర్శనీయంగా ఉండటం ప్రధాన అర్హత.

ఓబుళపతికి ఒక రోజు జ్వరం వచ్చింది. మర్నాడు తగ్గింది. తగ్గేసరికి ఆయన చేతిలో బుట్ట ఉంది. బుట్టలో పెంపుడు జంతువుల దుకాణం నుంచి తెచ్చిన తెల్ల కుందేలుంది. ఆయన భార్య దానికి టీ డికాక్షన్ పట్టించి, చెవుల అంచులకు గోరింటాకు పెట్టింది. గోరింటాకు బాగా పండింది. పచ్చిక చాప మధ్యలో వదిలితే అది ఎక్కడికీ పోకుండా కూర్చుని క్యారెట్టు తింటోంది. వనంలో జరిగిన ఇన్ని ఏర్పాట్లకూ తగిన జంతువు ఇన్నాళ్లకు దొరికిందని అందరికీ తృప్తి కలిగింది.

తారకనాథ్ గారు వచ్చారు. ఆడవాళ్లు పూలగుత్తులిచ్చారు, అందులో అలివేలు కూడా ఉంది. ఆయన ముందుగా సిమెంటు కుందేలును చాలాసేపు చూసి, జాతి లక్షణాలు చక్కగా ప్రస్ఫుటిస్తున్నాయన్నారు. తర్వాత పచ్చిక మీది కుందేలును చూసి, విగ్రహంతో పోలిస్తే కొంచెం చిన్నదన్నారు.

"సదరు జీవి సదరు జాతికి చెందినదేనని విషయ నిపుణులు ధ్రువీకరించవలసి ఉంటుంది."

విషయ నిపుణుడి కోసం అందరూ వరదరాజులు వైపు తిరిగారు. కాదంటే అసలుది ఎక్కడుందని అడుగుతారు. అసలుది ఎక్కడుందో చెబితే అలివేలు మేకులు కొట్టే గోడ ఉండదు. అవునంటే ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిన జంతుశాస్త్రం ఏమైనట్టు. ఆయన కుందేలును కిందికీ మీదికీ చూసి, "ఇట్లాంటి కుందేలును నా సర్వీసులో నేను యాడా చూడలేదు సార్," అన్నాడు.

అంత అరుదైనదన్నమాట, అని తారకనాథ్ గారు రాయించుకున్నారు. తాను అబద్ధం చెప్పలేదని వరదరాజులు తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు.

అంతా సవ్యంగా ముగిసేదే. కాఫీ తాగాక అధికారి కాలనీ చూస్తానన్నారు. చివరి వరసకు వచ్చేసరికి ఆగి, ఈ అరణ్యమెవరిదని అడిగారు. ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దానికే కాబోలు, గడ్డి కదిలి పసిడిచెవి కుందేలు రోడ్డు మీదికొచ్చింది. అధికారిని, అధ్యక్షుణ్ని, నిపుణుణ్ని వరసగా చూసింది. చెవులు ఎండకు మెరిశాయి. గోరింటాకు లేదు. మళ్లీ గడ్డిలోకి వెళ్లిపోయింది.

"ఏమిటది?" అన్నారు తారకనాథ్ గారు.

"చెవులపిల్లి సార్. ఊరికే, మామూలుది," అన్నాడు ఓబుళపతి.

అధికారి మామూలు మనిషి కాదు. చెవులు గమనించారు. ఒక నిమిషం కళ్లు మూసుకుని నిబంధనలు తలచుకున్నారు. ఇది వనం ప్రహరీకి లోపల ఉందా అని అడిగారు. లేదన్నారు. వనంలో గుర్తింపు పొందిన కుందేలు వేరే ఉందా అన్నారు. ఉందన్నారు, తమరే గుర్తించారన్నారు.

"అటువంటప్పుడు వన సరిహద్దులకు వెలుపల సంచరించే జీవిని సదరు జాతిగా పరిగణించే వెసులుబాటు లేదు. పైగా ఇది ప్రైవేటు స్థలంలో అనుమతి లేకుండా నివసిస్తోంది. గుర్తింపు పొందిన కుందేలుకు దీనివల్ల అంటువ్యాధులు సోకే ప్రమాదం కూడా ఉంది. స్థలం శుభ్రం చేయించండి. దీన్ని ఖాళీ చేయించి నివేదిక పంపండి."

వరదరాజులు గుండెల మీది బండ దిగిపోయింది. ప్రభుత్వమే చెప్పింది, అది కుందేలు కాదు. కుందేలు కాకపోతే నూరు గజాలూ లేవు. ఇల్లు కట్టుకోవచ్చు. సోమవారం జేసీబీ పంపిస్తానని, ముహూర్తానికి నేల అద్దంలా ఉంటుందని ఓబుళపతి అక్కడికక్కడే మాటిచ్చాడు. వరదరాజులు సంతోషంగా అలివేలు వైపు చూశాడు. ఆమె గడ్డి వైపు చూస్తోంది.

ఇంటికొచ్చాక ఆమె చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, మన పెద్దోడు పుట్టినప్పుడు మదనపల్లెలో ఉన్న ఇల్లు గుర్తుందా అని అడిగింది. ఆయనకు లీలగా గుర్తుంది. వంటింట్లో కుళాయి కారేది.

"కుళాయి గాదు. నేను పురిటి మంచం మీదుండంగా ఓనరు వచ్చి, వాకిట్లో నిలబడి, ఖాళీ చేయించండి సార్ అని మీతో అన్నాడు. నాతో అనలేదు. మీతో అన్నాడు. ఇయ్యాల ఆ ఆఫీసరాయప్ప అన్నట్టే."

ఆ రోజు తానేమన్నాడో వరదరాజులుకు గుర్తొచ్చింది. అట్లనే సార్ అన్నాడు.

"నాకు ఇల్లు కావాల. కాని దాన్ని పిల్లలతో ఖాళీ చేయించి నేను పాలు పొంగించలేను. ఏమన్నా చేయండి. సదువుకున్నారు కదా."

చదువు ఈ విషయంలో ఉపయోగపడలేదు. ఇది అసలు కుందేలేనని అర్జీ పెడదామంటే, వనంలోదే అసలుదని తన మాట మీదే రాసుకుపోయారు. పేపర్‌కు చెబుదామంటే, తెల్లారేసరికి చివరి వరసలో బెంచీలు, ఫ్లడ్‌లైట్లు, వీణ మొదలవుతాయి. కుందేలును గుర్తిస్తే సంరక్షణకు పోతుంది. గుర్తించకపోతే జేసీబీకి పోతుంది. ఆదివారమంతా వరదరాజులు కాలనీ దాటి ఊరంతా తిరిగాడు. ఎవరూ వేలు పెట్టని చోటు ఎక్కడైనా ఉంటుందా అని చూస్తూ తిరిగాడు. బస్టాండు వెనక, ఊరి నడిబొడ్డున, ఒక పెద్ద స్థలం కనపడింది. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల నుంచీ అది అలాగే ఉంది. చుట్టూ మేడలు లేచినా అందులో ఒక్క ఇటుక పడలేదు. గడ్డి పెరిగింది, గడ్డిలో పిట్టలు గుడ్లు పెట్టాయి. మున్సిపాలిటీ వాళ్లు కూడా దాని పక్కనుంచి కొంచెం తప్పుకుని నడుస్తారు. మధ్యలో తుప్పుపట్టిన బోర్డొకటి ఉంది. 'ఈ స్థలము కోర్టు వివాదంలో ఉన్నది.'

వరదరాజులు ఆ బోర్డు ముందు చెప్పులు విప్పినంత పని చేశాడు.

సోమవారం కోర్టు తలుపులు తీసేసరికి భార్యాభర్తలిద్దరూ ఒకే స్కూటరు మీద లాయరు నరసప్ప దగ్గర ఉన్నారు. ప్లాటు తనదని, తన పుట్టింటివాళ్ల డబ్బుతో కొన్నదని, భర్త దాన్ని చదును చేసి రూపు మార్చబోతున్నాడని అలివేలు దావా. భర్త ప్రతివాది. నరసప్ప ముందు వాళ్లను రాజీ చేయబోయాడు. రాజీ వద్దు, వీలైనంత కాలం కేసు నడవాలి అని ఇద్దరూ చెప్పేసరికి, ఇంతటి పవిత్రమైన కోరికతో ఈ గదిలోకి ఎవరూ రాలేదన్నాడు. ఆలస్యం విషయంలో దిగులు పెట్టుకోవద్దన్నాడు. తన గురువు పట్టిన కేసులు ఇంకా తన దగ్గర నడుస్తున్నాయని, తనవి తన కొడుకు చూసుకుంటాడని హామీ ఇచ్చాడు. ఒక లాయరు ఆలస్యం చేస్తానంటే అలివేలు ముఖం అంతగా వికసించడం వరదరాజులు ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నానికి యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చింది. తదుపరి ఆదేశాల వరకు సదరు స్థలంలో ఉన్నది ఉన్నట్టే ఉంచవలెను. వరదరాజులు జీవితంలో రాసిన, చదివిన రూళ్లన్నిటిలోకీ కుందేలుకు పనికొచ్చింది అదొక్కటే. అందులో కుందేలు పేరు కూడా లేదు.

జేసీబీ అప్పటికే ప్లాటు ముందు నిలబడి ఉంది. వరదరాజులు, అలివేలు చెరో వైపు పట్టుకుని బోర్డు పాతారు. డ్రైవరు కోర్టు అన్న మాట దాకా చదివి, ఇంజను ఆపకుండానే వెనక్కి పోయాడు. ఓబుళపతి పరుగున వచ్చాడు. మొగుడూ పెళ్లాలు బజారున పడ్డారని బాధపడి, సంఘం మధ్యవర్తిత్వం చేస్తుందన్నాడు. చేస్తే కోర్టు ధిక్కారం అవుతుందేమో చూసుకోమంది అలివేలు. ఆయన తారు రోడ్డు అవతలికి జరిగి నిలబడ్డాడు. జిల్లాకు నివేదిక కూడా వెళ్లింది. సదరు జీవి కోర్టు పరిధిలో ఉన్నందున ఖాళీ చేయించుట సాధ్యపడలేదు. తారకనాథ్ గారు దాన్ని ఆమోదించారు. అంతకన్నా గట్టి కారణం ఆయన సర్వీసులోనూ ఎక్కడా చూడలేదు.

కుందేలు వనానికి ఆదర్శ వనం బిరుదొచ్చింది. గోరింటాకు కుందేలుకు ఇప్పుడు చెవులకు నెలనెలా పూత వేస్తారు. అది క్యారెట్లు తిని బాగా లావైంది. విగ్రహంతో పోలిక కుదురుతోందని సంఘం సంతోషిస్తోంది.

వరదరాజులు, అలివేలు ఇంకా పై పోర్షన్‌లోనే ఉన్నారు. వాయిదా రోజున ఆమె పెరుగన్నం, మాగాయ కట్టుకుంటుంది. వాది, ప్రతివాది కోర్టు వరండాలో ఒకే డబ్బాలో తింటారు. దారిలో ప్లాటు ఎదురుగా స్కూటరాపి ఒక్క నిమిషం చూస్తారు. లోపలికి పోరు, ఉత్తర్వు ఉంది. గడ్డి బోర్డు మీది కింది వరసను కప్పేసింది. ఒక్కోసారి పెద్ద చెవులు రెండు కనపడతాయి, ఒక్కోసారి చిన్నవి కూడా కలిపి చాలా కనపడతాయి.

కిందటి వాయిదాకు కొత్త జడ్జి గారు వచ్చారు. వయసులో చిన్నాయన, మంచివాడు. ఫైలు తిరగేసి, ఎదురుగా నిలబడ్డ ఇద్దరినీ చూసి జాలిపడ్డాడు. ఈ వయసులో ఎందుకండీ ఈ గొడవలు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఆ స్థలంలో చక్కగా ఇల్లు కట్టుకోకూడదా, అన్నాడు.

అలివేలు ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో వంటిల్లు, తులసికోట, దండెం, మేకులు అన్నీ ఆమె కళ్లముందు కదిలాయని వరదరాజులుకు తెలుసు.

"కుదరదు సార్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పెళ్లయినప్పటి నుంచి వాళ్లిద్దరి నోటా ఒకే మాట కలిసి రావడం అదే మొదలు. జడ్జి గారు నిట్టూర్చి, ఇంత పట్టుదల ఉన్న వైరం ఎక్కడా చూడలేదంటూ వాయిదా వేశారు.